షెడ్డులో తెల్లని బిళ్ళలు

సి.ఐ. యలమంద సాక్ష్యాన్ని లామినేషన్ చేయించాడు.

పోలీసు బుర్రల మీద నాకు ఎప్పుడూ పెద్ద ఆశలు లేవు. గురువారం ఉదయం పదకొండూ పదికి అతను టేబుల్ మీదుగా నావైపు తోసిన ప్లాస్టిక్ అట్ట చూశాక ఉన్న కాస్తా పోయింది. అట్ట లోపల జానెడు కాగితం ముక్క ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా మాడిపోయి ఉంది.

"ఏమిటిది?"

"పేరయ్యకి చనిపోయే ముందు తీసిన ఈసీజీ. ఉన్నది ఒక్కటే కాపీ. పాడవకూడదని రెండు వైపులా ప్లాస్టిక్ వేయించా," అన్నాడు గొప్పగా.

"వేయించాక చూశారా?"

"కాస్త రంగు మారింది. షాపువాడి మిషన్ బాగాలేదు."

మా వైపు జనానికి ఈ జబ్బు ఉంది. పాస్ పుస్తకం నకలు, పదో తరగతి సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఏది ముఖ్యమనిపిస్తే దాన్ని బజారుకి పట్టుకెళ్ళి ప్లాస్టిక్‌లో పెట్టించేస్తారు. ఈసీజీ కాగితం మీద గీతలు గీసేది సిరా కాదు, వేడి. దాన్ని వేడి రోలర్ల మధ్య నలిపితే మొత్తం ఒకే గీత అయిపోతుంది. పద్నాలుగేళ్ళు గుంటూరులో ఓ గుండె ఆసుపత్రిలో ఈసీజీలు తీసి, నాలుగేళ్ళ కిందట డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న నాకు ఇది చాలా చిన్న విషయం. సి.ఐ. యలమందకి మాత్రం అంతుపట్టని శాస్త్రం.

"మీరు కాల్చేసింది ఓ మనిషి గుండె చెప్పిన ఆఖరి మాట, సి.ఐ. గారూ."

"గుండె ఏం చెప్పుద్ది మేడమ్? మజ్జిగ గ్లాసు చెప్పింది చాలదా?" నవ్వాడు. "సోమవారం పదీ నలభైకి శ్రీరమ్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పదకొండూ ఇరవైకి పెదనాన్న పడిపోయాడు. పన్నెండూ ఐదుకి పోయాడు. నాడి మెల్లగా కొట్టుకుందని ఆ ఆర్.ఎం.పి. బుడే కూడా చెప్పాడు. నాడి మెల్లబడితే పురుగుమందే. ఈ ఏరియాలో పుట్టిన ఎవడినడిగినా చెప్తాడు."

"గ్లాసులో మందు వాసన ఉందా?"

"కడిగేసింది. కడిగిందంటేనే తప్పు చేసినట్టు."

"మీ ఇంట్లో తాగిన గ్లాసులు కడగరా?"

అతని నవ్వు ఆగింది. "చూడండి మేడమ్. మిరపకాయల షెడ్డులో సగం పెదనాన్నది, సగం చచ్చిపోయిన తండ్రి తరఫున ఆ పిల్లది. అమ్మేద్దామని పెద్దాయన, వద్దని ఆ పిల్ల. కారణం ఉంది, గ్లాసు ఉంది. లోపలి అవయవాలు ల్యాబుకి పంపించాం. మూడింటికి మేజిస్ట్రేట్ గారి ముందు పెడతాం. వాళ్ళమ్మ మిమ్మల్ని పెట్టుకుందంటే పాపం ఆమె చాదస్తం."

"ల్యాబుకి రాసిన లెటర్లో ఏం వెతకమన్నారు?"

"పురుగుమందే. ఇంకేముంటుంది?"

ల్యాబు వాళ్ళు అడిగిందే వెతుకుతారు. అది లేదని వాళ్ళు రాసి పంపే నాటికి ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్ల ఎన్ని నెలలు జైల్లో ఉంటుందో ఎవరికీ తెలియదు. మంగళవారం నుంచి స్టేషన్‌లో కూర్చోబెట్టి, అరెస్టు మాత్రం నిన్న సాయంత్రం చూపించిన ఘనుడితో ఈ మాట చెప్పి లాభం లేదు.

శ్రీరమ్యతో ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చాడు. ఆమె బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన మహిళా కానిస్టేబుల్ ఫోన్ చూసుకుంటోంది.

"నేను రోజూ ఇచ్చే మజ్జిగే అక్కా. పెదనాన్న సగం తాగి, వద్దమ్మా కళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు. మిగతా సగం నేనే తాగాను. ఆ మాట చెప్తే ఎవరూ రాసుకోలేదు."

"సగం నువ్వే తాగావా? సి.ఐ.కి చెప్పావా?"

"రెండుసార్లు చెప్పాను. నాటకాలొద్దన్నారు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. భయం అనుకున్నాను. అన్నం తింటున్నావా అంటే, కడుపులో ఒకటే మంటనీ నిన్నటి నుంచి సరిగా తినలేదనీ చెప్పింది.

బయటికి వస్తుంటే యలమంద వెనక నుంచి అన్నాడు. "పేరయ్య కొడుకు ఆ కోటేష్‌ని చూసి నేర్చుకోవాలి. కన్న తండ్రిని చంపిన పిల్లకి రెండు పూటలా ఇంటి నుంచి క్యారేజీ పంపిస్తున్నాడు. అట్టాంటి అన్న దొరకాలంటే పెట్టిపుట్టాలి."

పదకొండూ యాభైకి రావిగుంటపాలెంలో బుడే ఆసుపత్రికి వెళ్ళాను. ఆసుపత్రి అని బోర్డు మీద ఉంది కాబట్టి అలా అంటున్నాను. ఒక మంచం, ఒక సెలైన్ స్టాండు, ఒక పాత ఈసీజీ మిషన్. అలమరలో మూడు వరసల్లో కాల్షియం ఇంజెక్షన్లు. నీరసమన్నా కాల్షియమే, నడుంనొప్పన్నా కాల్షియమే, అత్తతో పడటంలేదన్నా కాల్షియమే కాబోలు. యాభై ఏళ్ళ బుడే నన్ను చూడగానే లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

"మీరు డాక్టరు కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు," అన్నాను. "నేను వచ్చింది దాని గురించి కాదు. సోమవారం ఏం జరిగిందో టైములతో సహా చెప్పండి."

"పదకొండూ ఇరవై ఐదుకి ఆటోలో తెచ్చారమ్మా. నాడి నిమిషానికి ముప్పై లేదు. బీపీ అందలేదు. పురుగుమందేమోనని దానికి విరుగుడు ఇంజెక్షన్ ఒకటి చేశా. నాడి కదల్లేదు."

"కంటిపాపలు సూదిమొనలా అయ్యాయా? నోట్లో చొంగ కారిందా? చెమటలు?"

"పాపలు మామూలుగానే ఉన్నాయి. నోరు పొడిగా ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది గానీ..." ఆగాడు. "మందు తాగినోళ్ళని నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా. ఇది అట్టా లేదు."

"ఈ మాట సి.ఐ.కి చెప్పారా?"

"చెప్పబోయా. నీకు లైసెన్సుందా అనడిగాడు."

అంతే. బుడే నోరు మూతపడటానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. ఒక ఆడపిల్ల జీవితం పోతుంటే మంచం కింద దూరే మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అతని మొహం మీదే అన్నాను. అతను తల దించుకుని ఫోన్ తీశాడు.

"ఈసీజీ ఫోటో తీసి గుంటూరు డాక్టరు గారికి వాట్సాప్‌లో పెట్టానమ్మా. ఆయన చూసేసరికి మనిషి పోయాడు. ఫోటో ఉంది."

తల దించుకున్న మనిషి చేతిలో కేసు మొత్తం ఉంది. ఫోటో మీద పదకొండూ ముప్పై నాలుగు అని టైము. పెద్దది చేసి చూశాను. చిన్న గీతలు వరసగా, క్రమం తప్పకుండా, నిమిషానికి ఎనభై. పెద్ద గీతలు నిమిషానికి ఇరవై ఎనిమిది. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

గుండెలో పై గదిలో కరెంటు పుడుతుంది. కింది గదికి వెళ్ళాలంటే మధ్యలో ఒకే ఒక్క సన్నటి దారి. చిన్న గీత పై గది, పెద్ద గీత కింది గది. పేరయ్య గుండెలో పై గది సక్రమంగా పిలుస్తూనే ఉంది, కింది గదికి పిలుపు అందడంలేదు. మధ్య దారి మూసుకుపోయింది.

"ఆయన బీపీకి ఏం వాడతాడు?"

"అటెనొలాల్. ఎనిమిదేళ్ళుగా అదే. పొద్దున్నే ఒకటి."

అటెనొలాల్ ఆ దారిలో కరెంటుని కాస్త నెమ్మది చేస్తుంది. అంతవరకు మంచిదే, ఎనిమిదేళ్ళు బతికించింది. అదొక్కటే పూర్తిగా దారి మూయదు. ఇంకోటేదో తోడవ్వాలి.

"షుగర్ చూశారా?"

"చూశా. మూడొందల నలభై. అదే అర్థం కాలేదమ్మా, ఆయనకి షుగర్ జబ్బు లేదు. పోయిన నెలే చూశా, తొంభై ఎనిమిది."

నేను ఫోన్ కింద పెట్టాను. బీపీ మందుల్లో ఇంకో జాతి ఉంది. గుండె కండరంలోకి కాల్షియం వెళ్ళే తలుపులు మూస్తుంది. ఆ కాల్షియం లేకపోతే మధ్య దారిలో కరెంటు నడవదు, కండరం గట్టిగా ముడుచుకోదు. ఎక్కువైతే క్లోమంలో కూడా అవే తలుపులు మూసుకుని ఇన్సులిన్ ఆగిపోతుంది, షుగర్ ఆకాశానికి ఎక్కుతుంది. వాటిలో గుండెదడకి కూడా వాడే వెరాపమిల్ అనేదాన్ని అటెనొలాల్‌తో కలపకూడదని మా ఆసుపత్రిలో ఆయాలకి కూడా తెలుసు. పేరయ్య ఒంట్లో పురుగుమందు లేదు. రెండు మంచి మందులు కలిసి ఆయన్ని చంపాయి.

ఫోటో నా ఫోన్‌కి పంపించుకుని షెడ్డుకి బయలుదేరాను. టైము పన్నెండూ ఇరవై.

షెడ్డు నిండా టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు. గుమ్మంలో అడుగు పెట్టగానే నాలుగు తుమ్ములొచ్చాయి. ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. గోడలు, గడియారం, ఫ్యాను రెక్కలు, దేవుడి పటం అన్నీ ఎర్రగా ఉన్నాయి. పేరయ్య కూర్చునే బల్ల చుట్టూ పోలీసులు తాడు కూడా కట్టలేదు. గ్లాసు దొరికింది కదా, ఇంక గదితో పనేముంది.

కోటేష్ ఎదురొచ్చాడు. ముప్పై దాటిన మనిషి, తండ్రి పోయిన మైలలో పెరిగిన గడ్డం.

"రండి మేడమ్. చెల్లి ఆ పని చేసిందంటే నా మనసొప్పుకోవట్లేదు. ఎట్టాగైనా మీరే బయటికి తేవాలి." దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టాడు కూడా. "ఇప్పుడే క్యారేజీ పంపించా. తింటదో లేదో."

బల్ల మీద రెండు గాజు సీసాలు ఉన్నాయి, పాత హార్లిక్సు సీసాల సైజువి. రెండింటిలోనూ తెల్లని చిన్న బిళ్ళలే. అట్టల్లోంచి ఊడదీసి పోసినవి, పేరు తెలిసే దారి లేదు.

"ఇవేంటి?"

"ఇది బీపీ, అది గ్యాస్. నాన్న చేతికెప్పుడూ కారం ఉండేది మేడమ్. కారం చేత్తో బిళ్ళ పట్టుకుంటే నోరు మండుద్ది. అందుకని నెలకోసారి అన్నీ ఊడదీసి సీసాలో పోయించుకునేవాడు. మూత తీసి నోట్లోకి ఒంపుకోవడమే. ఇక్కడ అందరం అంతే."

"పోయిన తర్వాత వీటిని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు మేడమ్. నాన్న వస్తువులు ఎక్కడివక్కడే ఉంచా. చూస్తేనే ఏడుపొస్తోంది."

ఫోన్ మోగితే మాట్లాడుతూ బయటికెళ్ళాడు. కాసేపటికి బండి చప్పుడు దూరమైంది.

మూటల పక్కన కూర్చున్న ముసలామె గుడ్డ కిందికి లాగి నావైపు చూసింది. పేరు చాంద్‌బీ. ఇరవై ఏళ్ళుగా ఈ షెడ్డులో తొడిమలు తీస్తోంది.

"పిన్నీ, సోమవారం పెద్దాయన ఎప్పటి నుంచి బాగాలేడు?"

"మజ్జిగ రాకముందే అమ్మాయ్. తొమ్మిదిన్నరకి మాకు టీ వచ్చుద్ది. అప్పుడే ఆ స్తంభం పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయి, గ్యాస్ పైకి తన్నింది అని ఆ సీసా ఒంపుకున్నాడు."

"ఎన్నిసార్లు?"

"పొద్దున్నించి మూడుసార్లు చూశా. మా మిరపకాయలోళ్ళకి కడుపుమంట ఎప్పుడూ ఉండేదేగా. శనగపప్పు నమిలినట్టు నమిలేవాడు. ఎంత వేసుకుంటే అంత నీరసపడ్డాడు. నీరసపడ్డకొద్దీ ఇంకా వేసుకున్నాడు."

"పోలీసులకి చెప్పలేదా?"

"నన్ను ఎవరడిగారు?"

అదీ మన దర్యాప్తు. ఇరవై మంది ఆడవాళ్ళు పది అడుగుల దూరంలో కూర్చుని చూశారు. వాళ్ళు మనుషులని ఎవరికీ తట్టలేదు.

రెండు సీసాలూ కిటికీ దగ్గరికి తెచ్చాను. నెల మొదట్లో ఒకేసారి పోసినవి, ఇన్నాళ్ళూ పక్కపక్కనే ఉన్నవి, రోజూ కారం చేతులు తెరిచినవి. బీపీ సీసాలో బిళ్ళలు లేత ఎరుపుకి తిరిగాయి, అడుగున సన్నటి కారప్పొడి పేరుకుంది. గ్యాస్ సీసా మూత లోపల, అంచు చుట్టూ ఎర్రగానే ఉంది. లోపల బిళ్ళలు మాత్రం పాలలా ఉన్నాయి. ఈ షెడ్డులో మూడు రోజుల కంటే ఎక్కువ తెల్లగా ఉండే వస్తువు లేదు.

పేరయ్య పోయాక ఎవరో సీసాలో అప్పటిదాకా ఉన్న వేరే బిళ్ళలు ఖాళీ చేసి, నిజమైన గ్యాస్ బిళ్ళలు పోసి పెట్టారు. పొరపాటున మందు మారితే ఎవరూ వెనక్కొచ్చి సర్దరు.

"ఈ మూడు రోజుల్లో ఈ బల్ల దగ్గరికి ఎవరొచ్చారు పిన్నీ?"

"ఎవరొస్తారు? చావు జరిగిన చోటు. మంగళవారం సాయంత్రం కోటేష్ ఒక్కడే వచ్చి దీపం పెట్టాడు. మమ్మల్ని బయట నిలబడమన్నాడు, నాన్నతో ఒంటరిగా ఉండాలని."

"పెద్దాయన భార్య సుబ్బరావమ్మ గారికి గుండెదడ ఉందా?"

చాంద్‌బీ ఆశ్చర్యపోయింది. "ఉంది. నీకెట్టా తెలుసు? పోయిన ఆదివారం ఆమె బిళ్ళలు అయిపోయాయని ఇంట్లో ఒకటే గోల. నెలకి సరిపడా తెచ్చినవి పది రోజులకే ఎట్టా అయిపోయాయని. మందుల షాపుకి నేనే పోయి తెచ్చా."

సీసాలు రెండూ సంచిలో పెట్టి, చాంద్‌బీ మాటలు కాగితం మీద రాసి, అక్కడే ఆమె చేత వేలిముద్ర వేయించుకుని కారెక్కాను. ఒంటిగంటా పది. స్టేషన్‌కి అరగంట దారి. దారిలో బుడేకి ఫోన్ చేశాను.

"సుబ్బరావమ్మ గారి గుండెదడకి ఏం మందు? వెరాపమిలేనా?"

"అదేనమ్మా. గుంటూరు డాక్టరు గారు చీటీ మీద ఎర్ర సిరాతో రాశారు, పేరయ్య గారి బీపీ బిళ్ళతో కలవకూడదని. కోటేష్ ఆ చీటీ నా దగ్గరికి తెచ్చాడు, కలిస్తే ఏమవుద్దని."

"ఎప్పుడు?"

"నెలైంది. జాగ్రత్త కోసం అడుగుతున్నాడనుకున్నా. గుండె ఆగిపోద్దని చెప్పా." గొంతు తగ్గించాడు. "ఇంకో మాట కూడా చెప్పానమ్మా. వాళ్ళ చెల్లెలు శ్రీరమ్య పార్శ్వపు తలనొప్పికి రోజూ వేసుకునే బిళ్ళ కూడా వాళ్ళ నాన్న బీపీ బిళ్ళ జాతిదేనని. ఆ మందుని ఆ పిల్ల దగ్గరికీ రానివ్వొద్దని..."

కడుపులో ఒకటే మంటన్న శ్రీరమ్య మాట. చల్లని చెయ్యి. రెండు పూటలా క్యారేజీ.

ఆ అరగంట దారి పద్దెనిమిది నిమిషాల్లో వెళ్ళాను. యలమంద కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. శ్రీరమ్య బెంచీ మీద ఒరిగిపోయి ఉంది. పక్కన క్యారేజీ, పెరుగన్నం సగం తిన్న గిన్నె, న్యూస్‌పేపర్ ముక్కలో కట్టిన చిన్న పొట్లం. విప్పితే తెల్లని బిళ్ళలు నాలుగు మిగిలాయి.

"ఇవేంటమ్మా?"

"కడుపుమంటకి... అన్నయ్య పంపాడు. నిన్నటి నుంచీ పంపుతున్నాడు." మాట ముద్దగా వచ్చింది. "ఇందాక మూడు వేసుకున్నానక్కా. కళ్ళు తిరుగుతున్నాయి."

"తలనొప్పి బిళ్ళ?"

"పొద్దున వేసుకున్నాగా."

యలమంద గుమ్మంలో నిలబడ్డాడు. "మేజిస్ట్రేట్ దగ్గరికి అనగానే అందరికీ కళ్ళు తిరుగుతాయి మేడమ్. ఇట్టాంటి యాక్షన్లు రోజూ చూస్తాం."

"ఇటు రండి. ఈ చెయ్యి పట్టుకోండి. మీ చేతికి వాచీ ఉందిగా, లెక్కపెట్టండి."

"నేనెందుకు..."

"లెక్కపెట్టవయ్యా!"

స్టేషన్ మొత్తం ఇటు తిరిగింది. అతను వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. పావు నిమిషం, అర నిమిషం. అతని మొహంలో రంగు మారడం చూశాను.

"పదిహేడు," అన్నాడు. "అర నిమిషానికి పదిహేడే."

"అంటే ముప్పై నాలుగు. సోమవారం ఈమె పెదనాన్నకి ఇరవై ఎనిమిది. దానికి ముప్పై ఒక్క నిమిషాల తర్వాత మనిషి లేడు. పురుగుమందు కూడా మీ లాకప్‌లోనే తాగిందంటారా?"

"కోటేష్ పొద్దున ఫోన్ చేశాడు," అన్నాడు యలమంద. "చెల్లి తప్పు చేశానని కుమిలిపోతోంది, ప్రాణం మీదికి తెచ్చుకుంటదేమో కాస్త చూసుకోండి సార్ అన్నాడు. నేను... ఎంత మంచోడో అనుకున్నా."

హంతకుడు ముందే కబురు చేసి మరీ చంపుతుంటే, ఇతను మెచ్చుకుంటూ క్యారేజీ అందించాడు. ఆ పిల్ల పోతే తప్పు ఒప్పుకుని చచ్చినట్టే, కేసు మూతపడుతుంది, షెడ్డుకి అడ్డొచ్చేవాళ్ళు ఉండరు. అతన్ని తిట్టడానికి నాకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మాటలున్నాయి. అవన్నీ ముందు నాకే తగలాలి. పొద్దున ఈ చెయ్యి పట్టుకున్నది నేను. పద్నాలుగేళ్ళు నాడి చూసి బతికిన నేను, చల్లగా ఉంటే భయం అనుకున్నాను. లెక్కపెట్టలేదు. యలమంద కాగితం కాల్చాడు, నేను మనిషినే వదిలేసి వెళ్ళాను.

"జీపు తియ్యండి. ఆ పొట్లం, క్యారేజీ సీలు చేయించండి. కోటేష్ ఎక్కడున్నాడో వెతికించండి."

యలమంద పిల్లని రెండు చేతులతో ఎత్తుకుని పరిగెత్తాడు. డ్రైవర్ కోసం చూడకుండా తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. గుంటూరు గంటన్నర దూరం. ఆమెకి అంత టైము లేదు. నాడి ముప్పైకి దిగింది.

కాల్షియం తలుపులు మూసుకున్న గుండెకి మొదట ఇవ్వాల్సింది కాల్షియమే. అది గుండె ఆసుపత్రిలో ఉంటుంది. ఇంకోచోట కూడా ఉంది, మూడు వరసల్లో, సరిగ్గా గుంటూరు వెళ్ళే దారిలో.

ఒక చేత్తో ఆమె మణికట్టు వదలకుండా ఫోన్ చేశాను.

"బుడే గారూ," అన్నాను. ఆ 'గారు' నా నోటికి కొత్త. "మీ అలమరలో ఉన్న కాల్షియం ఇంజెక్షన్లన్నీ, ఈసీజీ మిషన్, సెలైన్ పట్టుకుని రోడ్డు మీదికి రండి. గుంటూరు డాక్టరు గారికి ఫోన్ కలిపి ఉంచండి, ఎంత ఎక్కించాలో ఆయన్నే అడుగుదాం. పదిహేను నిమిషాల్లో జీపు వస్తుంది. ఆపం, నెమ్మది చేస్తాం, మీరు ఎక్కాలి."

"నాకు లైసెన్సు లేదమ్మా. జీపులో సి.ఐ. గారు..."

నేను ఫోన్ యలమంద చెవి దగ్గర పెట్టాను.

"ఎక్కవయ్యా బాబూ," అన్నాడు యలమంద, రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "నీకు దండం పెడతా, ఎక్కు."

శ్రీరమ్య కళ్ళు సగం తెరిచింది. నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

"అన్నయ్యకి చెప్పండి," అంది మెల్లగా. "మంట కాస్త తగ్గిందని."

నేను మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఆరు.